పాత అమెరికా కారు ఇంజను అసలుదేనా? అంకెల కంటే ముందు ఇనుమును చూడాలి

మా అక్క కొడుకు అమెరికాలో ఒహాయోలో ఉంటాడు. పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్న ఆరింటికి ఫోను చేశాడు. వాడికి అప్పుడు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర.

"మావయ్యా, ఒక కారు చూశాను. 1970 షెవర్లే షెవెల్ ఎస్.ఎస్. 396. ఇంజను, గేర్‌బాక్సు అన్నీ ఫ్యాక్టరీలో బిగించినవే అంటున్నాడు అమ్మేవాడు. అందుకే రేటు ఎక్కువట. నువ్వొకసారి వీడియోలో చూసి చెప్పాలి."

ఆ కారును నేను నేరుగా ఎప్పుడూ చూడలేదు. కానీ ఇంజను బ్లాకు అన్నది ఎక్కడైనా పోత ఇనుమే. విజయనగరం దాసన్నపేటలో మాది బోరింగ్ షాపు. సిలిండర్ బోరింగ్, హెడ్ ఫేసింగ్, క్రాంక్ గ్రైండింగ్ చేస్తూ ముప్పై నాలుగేళ్లు గడిచాయి. అంబాసిడర్ బ్లాకులు, జీపు బ్లాకులు, ట్రాక్టర్లవి, లారీలవి ఎన్ని నా మెషిన్ మీదికి ఎక్కాయో లెక్క లేదు. బ్లాకు ఫేసు చూస్తే దాని మీద ఏ మెషిన్ నడిచిందో చెప్పగలను. ఆ ధైర్యంతోనే సరే అన్నాను. ఆ తర్వాత రెండు వారాల పాటు రోజూ పొద్దున్నే షాపు తెరవకముందు కూర్చుని వాడు పంపిన ఫోటోలు చూడడం, ఆ కార్ల గురించి చదవడం, మళ్లీ వాడిని పంపి ఇంకో ఫోటో తీయించడం. ఇప్పుడు మన పిల్లలు అక్కడ చాలామంది ఈ పాత కార్ల మీద ఆశ పడుతున్నారు కాబట్టి, మేం చేసిన పని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఈ కార్ల విషయంలో మోసానికి అవకాశం ఎందుకు ఉందో ముందు తెలియాలి. 1960ల నడుమ అమెరికా కంపెనీలు మామూలు మధ్య తరహా కారులో పెద్ద వీ8 ఇంజను పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. 1964లో పాంటియాక్ జీటీఓతో ఈ ఊపు పెరిగింది. వాటినే మజిల్ కార్లు అంటారు. బాడీ మాత్రం మామూలు కారుదే. షెవెల్ సంగతే తీసుకుంటే, అదే బాడీలో చిన్న 307 క్యూబిక్ అంగుళాల ఇంజనుతో మాలిబు వచ్చేది, అదే బాడీలో 454 ఇంజనుతో ఎస్.ఎస్., అంటే సూపర్ స్పోర్ట్ కూడా వచ్చేది. ఎస్.ఎస్. 396 అని పేరున్నా 1970 నాటికి ఆ ఇంజను నిజానికి 402 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 6.6 లీటర్లు. మన అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్లు నాలుగు కలిపినా దానికి తక్కువే. మామూలు మాలిబుకీ అసలైన ఎస్.ఎస్.కీ ఈ రోజు ధరలో చాలా తేడా ఉంది. ఎస్.ఎస్. బ్యాడ్జీ, నల్ల గ్రిల్లు, ఉబ్బెత్తు బానెట్, గుండ్రటి మీటర్ల డ్యాష్‌బోర్డు, అన్నీ ఇప్పుడు కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. కొని బిగించుకోవడమే. కాబట్టి పైకి కనిపించేవేవీ సాక్ష్యం కాదు.

ముందు కారు పుట్టినరోజు తెలుసుకోవాలి

చాలామంది నేరుగా ఇంజను నంబరు దగ్గరికి వెళ్లిపోతారు. నేను ఒప్పుకోను. కారు ఏ వారంలో తయారైందో తెలియకుండా పార్టుల మీద ఉన్న తేదీలు చూసి లాభం లేదు.

ముందు అద్దం కింద, డ్రైవరు వైపు, బయటి నుంచి కనిపించేలా ఒక చిన్న రేకు ఉంటుంది. దాని మీదది విన్ నంబరు, అంటే ఆ కారు గుర్తింపు సంఖ్య. 1968 మోడల్ నుంచి అమెరికాలో అద్దంలోంచి కనిపించేలా పెడుతున్నారు. 1981 నుంచి ఇందులో పదిహేడు అక్షరాలుంటున్నాయి గానీ, 1970 షెవెల్‌కి పదమూడే. మావాడు చూసిన కారుది 136370బీ అని మొదలైంది. 1 అంటే షెవర్లే. 36 అంటే మాలిబు, వీ8. 37 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్. 0 అంటే 1970. బీ అంటే బాల్టిమోర్ ప్లాంటు. ఆ తర్వాతి ఆరు అంకెలు వరస నంబరు.

ఇందులో ఎస్.ఎస్. అన్న మాటే లేదని గమనించండి. 1966 నుంచి 1968 వరకు షెవెల్ ఎస్.ఎస్. 396 కి 138 అని వేరే సంఖ్య ఉండేది. 1969 నుంచి ఎస్.ఎస్. ఒక ఆప్షన్ అయిపోయింది. అందుకే 1970 కారు విన్ చూపించి "ఇది ఎస్.ఎస్. విన్" అని ఎవరైనా అంటే, తెలియక అంటున్నాడో తెలిసి అంటున్నాడో గానీ, అది నిజం కాదు.

ఆ రేకును పట్టి ఉంచిన రివెట్లను కూడా పెద్దది చేసి చూడాలి. షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ వాడినవి మామూలు గుండ్రటి రివెట్లు కావు, ఆరు రేకల పువ్వులా ఉంటాయి. రివెట్ల చుట్టూ గీతలు, రేకు అంచు వంగి ఉండడం, జిగురు జాడ, ఇలాంటివి కనబడితే అక్కడితో ఆపేయాలి. అమెరికాలో విన్ రేకు పీకి మార్చడం నేరం. అలాంటి కారు కొన్న తర్వాత మీ చేతుల్లో ఉండకపోవచ్చు.

తర్వాత బానెట్ ఎత్తి, ఫైర్‌వాల్ మీద, అంటే ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉన్న రేకు గోడ మీద, డ్రైవరు వైపు ఉన్న ఇంకో రేకు చూడాలి. దాన్ని ట్రిమ్ ట్యాగ్ అంటారు. దాని మీద బాడీ రకం, లోపలి సీట్ల రంగు, బయటి పెయింటు కోడ్, తయారైన వారం ఉంటాయి. మావాడి ఫోటోలో 03ఏ అని ఉంది. 03 అంటే మార్చి. ఏ అంటే మొదటి వారం. పెయింటు 75, అంటే క్రాన్‌బెర్రీ ఎరుపు. కారు ఇప్పటికీ ఎరుపే. అయినా డిక్కీలో కార్పెట్ ఎత్తి, తలుపు సందుల్లో, డ్యాష్‌బోర్డు కింద చూడమన్నాను. అక్కడ కూడా అదే ఎరుపు, పాతబడి మసకబారి ఉంది. నాకు కొంచెం నమ్మకం కుదిరింది.

మార్చి 1970, మొదటి వారం. ఈ తేదీ ఒక కాగితం మీద పెద్దగా రాసి షాపులో గోడకి అంటించాను. ఇక ప్రతి పార్టునీ దీని ముందు నిలబెట్టాలి. పార్టు తేదీ దీనికి ముందుండాలి. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల ముందు ఉంటే చక్కగా సరిపోయినట్టు. రెండు మూడు నెలల ముందున్నా అనుమానించక్కర్లేదు, స్టాకులో ఉండిపోయి ఉండొచ్చు. ఒక్కరోజు తర్వాత ఉన్నా ఆ పార్టు ఆ కారుతో పుట్టింది కాదు.

ఒక్క జాగ్రత్త. 1970 మోడల్ కార్ల తయారీ 1969 చివర్లోనే మొదలైంది. అందుకే 1970 కారులో 1969 తేదీ పార్టు కనబడితే కంగారు పడొద్దు.

ఇంజను ప్యాడ్

ఇక్కడే నేను ఎక్కువ రోజులు ఆగాను. మీరూ ఆగాలి.

ఈ వీ8 బ్లాకుకి ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు హెడ్డు కింద, బ్లాకు ఫేసే కొంచెం ముందుకి పొడుచుకొచ్చి చిన్న దిమ్మలా ఉంటుంది. దాన్నే ప్యాడ్ అంటారు. ఈ కారులో ఆల్టర్నేటర్ దానికి అడ్డం వస్తుంది, కాబట్టి ఫోన్ను సందులోకి దూర్చి ఫోటో తీయాలి, లేదా చిన్న అద్దం పెట్టి చూడాలి. ఆ దిమ్మ మీద రెండు గుద్దుళ్లు ఉంటాయి.

ఒకటి ఇంజను ప్లాంటులో గుద్దింది. ముందు ప్లాంటు అక్షరం, తర్వాత నాలుగు అంకెల్లో నెల, తేదీ, తర్వాత కోడ్ అక్షరాలు. మావాడి కారుది టీ0217 అని మొదలైంది. టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలో టోనవాండా ప్లాంటు. షెవర్లే పెద్ద బ్లాకు వీ8లు అక్కడివే. చిన్న బ్లాకైతే వీ అని ఉండొచ్చు, అది ఫ్లింట్. 0217 అంటే ఫిబ్రవరి 17. చివరి మూడు అక్షరాలు ఆ ఇంజను ఏ రకమో, ఏ గేర్‌బాక్సుకి ఉద్దేశించిందో చెబుతాయి. ఉదాహరణకి 1970 షెవెల్‌లో అందరూ వెతికే 454 ఎల్.ఎస్.6 ఇంజనుకి మాన్యువల్ గేరైతే సీఆర్‌వీ, ఆటోమేటిక్ అయితే సీఆర్ఆర్. సీఆర్ఆర్ గుద్ది ఉన్న కారులో నాలుగు గేర్ల మాన్యువల్ బాక్సు కనబడితే అడగాల్సిన ప్రశ్న ఒకటి మీ దగ్గర ఉన్నట్టే.

రెండోది కారు ప్లాంటులో గుద్దింది. విన్ నంబరులోని భాగమే. షెవర్లేకి 1, సంవత్సరానికి 0, ప్లాంటుకి బీ, తర్వాత ఆ ఆరు అంకెల వరస నంబరు. 1968 నుంచి ఇంజను మీదా గేర్‌బాక్సు మీదా ఇలా గుద్దారు. ఇది కారు విన్‌తో కలిస్తేనే "నంబర్స్ మ్యాచింగ్" అంటారు.

మావాడి కారులో రెండూ ఉన్నాయి. రెండూ కలిశాయి. వాడు ఎగిరి గంతేశాడు. నేను "ఆగరా" అన్నాను.

ఎందుకన్నానంటే, అంకెలు గుద్దడానికి ఒక పంచ్ సెట్టు, ఒక సుత్తి చాలు. అంకెల కింద ఉన్న ఇనుమును చూడాలి. ఫ్యాక్టరీలో ఈ బ్లాకు ఫేసును బ్రోచ్ అనే మెషిన్‌తో చెక్కారు. వరసగా పళ్లున్న పెద్ద కట్టర్ బ్లాకు పొడవునా ఒకే ఊపులో పోతుంది. అందువల్ల ఇంజను ముందు నుంచి వెనక్కి, ఒకదాని పక్కన ఒకటి సన్నటి నిలువు గీతలు పడతాయి. దువ్వెనతో దువ్విన తలలా. అదే మా షాపులో సర్ఫేస్ గ్రైండర్ మీద ఫేసింగ్ చేస్తే రాయి తిరిగిన వంపు గీతలు పడతాయి. ఫ్లై కట్టర్‌తో చేస్తే ఇంకా పెద్ద అర్ధచంద్రాలు. ఎమరీ పేపరు చేత్తో రుద్దితే గీతలు అటూ ఇటూ పోతాయి, అంచులు గుండ్రంగా అరుగుతాయి. ఈ తేడా నాకు చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది.

నిజమైన ప్యాడ్ మీద బ్రోచ్ గీతలు అంకెల కిందా, అంకెల మధ్యా తెగకుండా సాగుతాయి. పాత నంబరు అరగదీసి కొత్తది గుద్దితే ఆ గీతలు పోతాయి. కొందరు ముతక ఎమరీతో ఒకే వైపు లాగి గీతలు తెప్పిస్తారు. వాటిని కనిపెట్టాలంటే లోతు చూడాలి, అవి పైపైనే ఉంటాయి. ప్యాడ్ ఎత్తు చూడాలి. హెడ్ గాస్కెట్ కింద ఉన్న ఫేసుతో ప్యాడ్ ఒకే మట్టంలో ఉండాలి, అరగదీస్తే ఆ చోట పల్లం పడుతుంది.

ఇంకొకటి. రెండు గుద్దుళ్లూ రెండు వేరువేరు ఊళ్లలో, వేరువేరు మనుషులు, వేరువేరు పంచ్‌లతో కొట్టినవి. ఒకటి టోనవాండాలో, ఒకటి బాల్టిమోర్‌లో. అందుకని అక్షరాల తీరు, లోతు, వాలు కొంచెమైనా తేడాగా ఉండడమే సహజం. రెండూ ఒకే చేతి రాతలా కనబడితే నాకు అనుమానం వస్తుంది.

ఇలా చూడాలంటే ఫోటో బాగా రావాలి. ముందు బ్రేక్ క్లీనర్ స్ప్రే చల్లి మెత్తటి గుడ్డతో తుడవాలి. వైర్ బ్రష్ పెట్టకూడదు, ఎమరీ అసలే పెట్టకూడదు. అసలు సాక్ష్యాన్ని మన చేత్తో చెరిపేసినట్టవుతుంది. టార్చి ఎదురుగా కొట్టకుండా పక్క నుంచి, దాదాపు పడుకోబెట్టి కొట్టాలి. అప్పుడు గీతల నీడలు లేస్తాయి. ఫోటో సరిగా రాకపోతే మనకి తెలిసిన పద్ధతే ఉంది. బండి ట్రాన్స్‌ఫర్‌కీ ఫైనాన్సుకీ ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీస్తారు కదా, అదే. పల్చటి కాగితం, మెత్తటి పెన్సిల్. కాగితం కదలకుండా రెండు వైపులా టేపు వేసి, పెన్సిల్ను పడుకోబెట్టి రుద్దాలి. అంకెలతో పాటు బ్రోచ్ గీతలు కూడా కాగితం మీదికి వస్తాయి. ఇది మావాడికి కొత్త. మూడోసారికి చక్కగా తీశాడు.

ఆ ప్రింటులో గీతలు లేవు. అంకెలు స్పష్టంగా ఉన్నాయి, మిగతాదంతా అద్దంలా నునుపు. అక్కడక్కడ చిన్న వంపు గీతలు.

అంతమాత్రాన అది దొంగదని చెప్పలేను. ఇది నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పని ఒకసారి నా చేతులతోనే జరిగింది. నేను పని నేర్చుకున్న కొత్తలో, కంటోన్మెంట్ నుంచి ఒకాయన వ్యాను ఇంజను బ్లాకు ఫేసింగ్‌కి తెచ్చారు. హెడ్ గాస్కెట్ కాలి ఫేసు వంకర పోయింది. నంబరు గుద్దిన దిమ్మ కూడా అదే మట్టంలో ఉందని నేను చూసుకోలేదు. పది నిమిషాల్లో ఫేసు తళతళలాడింది, నంబరు మాత్రం పోయింది. తర్వాత ఆయన బండి అమ్మబోతే ఇంజను నంబరు లేదు. ఎన్ని కాగితాలు పెట్టారో, ఎన్నిసార్లు తిరిగారో నాకు తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి మా షాపులో ఏ బ్లాకు వచ్చినా మెషిన్ మీద పెట్టకముందే నంబరు ఎక్కడుందో చూసి సుద్దతో గుండ్రం చుడతాం, పెన్సిల్ ప్రింటు తీసి బిల్లుకి పిన్ను కొడతాం.

అమెరికాలో కూడా రీబిల్డ్ చేసేటప్పుడు ఇలా నంబరు పోయిన అసలు ఇంజన్లు ఉంటాయి. యజమాని మళ్లీ అవే అంకెలు గుద్దించి ఉండొచ్చు. కాబట్టి నునుపు ప్యాడ్ చూసి తీర్పు చెప్పకూడదు. అప్పుడు బ్లాకులో ఎవరూ అరగదీయలేని చోటుకి వెళ్లాలి.

పోతలోనే వచ్చిన అంకెలు

బ్లాకు పోత పోసేటప్పుడే అచ్చులో ఉన్న అంకెలు ఇనుములో ఉబ్బెత్తుగా వస్తాయి. ఇవి గుద్దినవి కావు, బ్లాకుతో పుట్టినవి. మార్చడం కష్టం, పైగా ఇవి వెనకాల, కింద, మసి పట్టి ఉంటాయి కాబట్టి మోసం చేసేవాళ్లు చాలాసార్లు వీటి జోలికే పోరు.

కాస్టింగ్ నంబరు బ్లాకు వెనక, గేర్‌బాక్సు బిగించే అంచు మీద డ్రైవరు వైపు ఉంటుంది. ఆ చోటికి ఫోను వెళ్లదు. మావాడు ఒక చిన్న పాము కెమెరా కొని ఆ సందులోకి దూర్చాడు. 3969854 అని వచ్చింది. అది 1970లో 402 ఇంజనుకి వాడిన బ్లాకే. 454 అయితే 3963512 ఉండేది. ఇంతవరకు బాగానే ఉంది.

పోత తేదీ కూడా బ్లాకు మీదే వేరే చోట ఉంటుంది. షెవర్లే వాళ్ల పద్ధతిలో ముందు నెలకి ఒక అక్షరం, తర్వాత తేదీ, తర్వాత సంవత్సరం చివరి అంకె. జనవరికి ఏ, డిసెంబరుకి ఎల్, మధ్యలో ఏ అక్షరమూ వదలరు. ఫోర్డులో అయితే ముందు సంవత్సరం, తర్వాత నెల అక్షరం, తర్వాత తేదీ వస్తాయి, పైగా ఐ అక్షరాన్ని వదిలేస్తారు. ఏ కంపెనీ కారైతే ఆ కంపెనీ పద్ధతి పట్టుకోవాలి.

కారు జాక్ మీద ఎక్కించి కింద నుంచి చూడడానికి అమ్మేవాడు ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఒప్పుకున్నాక మావాడు కింద పడుకుని, మసి తుడిచి, టార్చి వేసి ఫోటో పంపాడు. డీ 9 0.

ఏప్రిల్ 9, 1970.

కారు పుట్టింది మార్చి మొదటి వారంలో. ప్యాడ్ మీద ఇంజను బిగించిన తేదీ ఫిబ్రవరి 17. బ్లాకు పోత పోసింది ఏప్రిల్‌లో. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఇనుము పోయకముందే ఇంజను బిగించడం ఎవరి వల్లా కాదు. ప్యాడ్ మీద గుద్దిన వాడు కారు తేదీకి సరిపడేలా 0217 అని ఆలోచించే కొట్టాడు. వెనకాల ఉన్న తేదీని మర్చిపోయాడు, లేదా ఎవరూ చూడరనుకున్నాడు.

ఈ మూడు తేదీల వరస మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ముందు పోత, తర్వాత ఇంజను బిగింపు, తర్వాత కారు. ఏ కంపెనీ కారైనా ఈ వరస తిరగబడదు.

మిగతా పార్టులు

ఇంజను పోయిందని కారంతా వదిలేయకూడదు. మేం చూడడం ఆపలేదు.

గేర్‌బాక్సు మన్సీ వాళ్ల నాలుగు గేర్లది. దాని మీద పీ0బీ17ఏ అని గుద్ది ఉంది. పీ అంటే మన్సీ ప్లాంటు, 0 అంటే 1970, బీ ఫిబ్రవరి, 17 తేదీ, చివరి ఏ అంటే ఎం20 రకం. బీ అయితే ఎం21, సీ అయితే ఎం22. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మన్సీలో నెలల అక్షరాలు మే నెల ఈ దాకా మామూలుగానే ఉంటాయి, జూన్ నుంచి మారిపోతాయి. జూన్‌కి హెచ్, జూలైకి కే, ఆగస్టుకి ఎం, ఆ తర్వాత వరసగా పీ, ఆర్, ఎస్, టీ. ఇది తెలియక మంచి గేర్‌బాక్సును దొంగదన్నవాళ్లు ఉంటారు. మావాడి బాక్సు మీద విన్ భాగం కూడా ఉంది, కారుతో కలిసింది, పోత ఇనుము కాదు కదా అల్యూమినియం కేసు, గుద్దిన చోట అరగదీసిన జాడ లేదు. అది అసలుదే.

కార్బురేటర్ రోచెస్టర్ క్వాడ్రాజెట్. డ్రైవరు వైపు నిలువుగా గుద్దిన నంబరు 7040తో మొదలైంది, అది 1970 వరస. తేదీ 0410. ఇది తేదీ నెల కాదు. మొదటి మూడు అంకెలు సంవత్సరంలో ఎన్నో రోజో చెబుతాయి, చివరిది సంవత్సరం. నలభై ఒకటో రోజు, అంటే ఫిబ్రవరి 10. సరిపోయింది.

ఆల్టర్నేటర్ డెల్కో రెమీదే గానీ తేదీ 1978. దాన్ని నేను తప్పు పట్టను. ఆల్టర్నేటర్, స్టార్టర్, వాటర్ పంపు అరిగే పార్టులు. నడిచిన కారులో అవి మారకపోతేనే ఆశ్చర్యం. అద్దాల మూలల్లో ఎల్ఓఎఫ్ అనే అద్దాల కంపెనీ గుర్తు చూసుకోవాలి, ముందు అద్దం రాయి తగిలి మారి ఉంటే పట్టించుకోనక్కర్లేదు. వెనక యాక్సిల్ కవరుకి పన్నెండు బోల్టులు ఉండాలి. ఉన్నాయి.

బాడీకి నేను మావాడితో ఒక చిన్న అయస్కాంతం చేతి రుమాల్లో చుట్టి తలుపుల కింది అంచులు, వెనక చక్రాల చుట్టూ ఆనించి చూడమన్నాను. అంటుకోని చోట పుట్టీ ఉంది. ఒక చోటే దొరికింది. రేకులు కలిసే చోట ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ చిన్న గుండ్రటి పల్లాల్లా వరసగా ఉంటుంది. తర్వాత మార్చిన ప్యానెల్ అయితే వెల్డింగ్ గుబ్బలు, వాటిని గ్రైండింగ్ చేసిన గీతలు కనబడతాయి. లైటు వేసి డిక్కీ లోపలి నుంచి చూడాలి, బయట పెయింటు అంతా కప్పేస్తుంది.

కాగితం

విన్ చెప్పదు, ట్రిమ్ ట్యాగ్ చెప్పదు, మరి ఈ కారు నిజంగా ఎస్.ఎస్.గానే పుట్టిందని ఎలా తెలుస్తుంది? కాగితం ఉంటేనే.

ఫ్యాక్టరీలో ప్రతి కారుకీ ఏ ఆప్షన్లు బిగించాలో రాసిన బిల్డ్ షీట్ ఉండేది. పనివాళ్లు దాన్ని చాలాసార్లు కారులోనే వదిలేశారు. పెట్రోలు ట్యాంకు మీద, సీటు స్ప్రింగుల మధ్య, కార్పెట్ కింద. 1970 షెవెల్‌లో ఎస్.ఎస్. 396 ఆప్షన్ కోడ్ జెడ్25, ఎస్.ఎస్. 454 అయితే జెడ్15. ఇంకొకటి ప్రొటెక్టో ప్లేట్ అని వారంటీ పుస్తకంలో చిన్న లోహపు రేకు, దాని మీద విన్, ఇంజను, గేర్‌బాక్సు కోడ్‌లు ఉల్టా అక్షరాల్లో ఉంటాయి. రేకులూ కాగితాలూ ఇప్పుడు కొత్తగా తయారుచేసేవాళ్లు ఉన్నారు, అందుకే వాటి మీది తేదీల్ని కూడా పార్టుల తేదీలతో పోల్చాలి.

మావాడి అదృష్టం, ట్యాంకు కొంచెం దించితే పైన కాగితం ఉంది. సగం చిరిగి, తుప్పు మరకలతో, అంచులు ఎలుక కొరికినట్టు. జెడ్25 కనబడింది. విన్ కనబడింది. దాన్ని అక్కడికక్కడే విప్పొద్దని అరిచినంత పని చేశాను. పాత కాగితం మడత విప్పితే ముక్కలవుతుంది. పళ్లెం లాంటి దాని మీద పెట్టి ఇంటికి తెచ్చుకుని నెమ్మదిగా విప్పాడు.

వేరే కంపెనీల సంగతి క్లుప్తంగా. ఫోర్డు కార్లకి 1967 మోడల్ నుంచి ఫ్యాక్టరీ రికార్డులు మార్టీ రిపోర్టు పేరుతో డబ్బు కట్టి తీసుకోవచ్చు. మస్టాంగ్ విన్‌లో అయిదో అక్షరమే ఇంజను, 1969లో ఆర్ అంటే 428 కోబ్రా జెట్ రామ్ ఎయిర్. పాంటియాక్‌కి పీహెచ్ఎస్ అనే సంస్థ దగ్గర రికార్డులున్నాయి. 1964, 65 జీటీఓలకి విన్‌లో వేరే సంఖ్య లేదు, లెమాన్స్ సంఖ్యే ఉంటుంది, 1966 నుంచి 242 వచ్చింది. డాడ్జ్, ప్లిమత్ కార్లలో కూడా అయిదో అక్షరమే ఇంజను, 1970లో ఆర్ అంటే 426 హెమీ. అమెరికాలో అమ్మిన ఆ కాలం షెవర్లే కార్లకి మాత్రం అలాంటి రికార్డు దొరకదు. అందుకే ఈ శ్రమంతా.

షెవర్లేలోనే ఇంకో మాట. ప్యాడ్ మీద సీఈ అని మొదలయ్యే నంబరు కనబడితే అది వారంటీ కింద కంపెనీయే ఇచ్చిన మార్పు ఇంజను. అసలు ఇంజను కాదు గానీ నిజాయతీగల ఇంజను. దాని మీద ఎవరూ ఏదీ దాచలేదు.

మావాడు ఏప్రిల్ తేదీ ఫోటో, పెన్సిల్ ప్రింటు రెండూ అమ్మేవాడి ముందు పెట్టాడు. గొంతు పెంచొద్దని, దొంగ అన్న మాట వాడొద్దని ముందే చెప్పాను. ఆయన చాలాసేపు చూసి, తను పదేళ్ల కింద ఇదే మాట నమ్మి ఇదే రేటు పెట్టి కొన్నానన్నాడట. ఆయన మొహం చూస్తే అబద్ధం అనిపించలేదన్నాడు మావాడు. అసలైన ఎస్.ఎస్., అసలు గేర్‌బాక్సు, అసలు కార్బురేటర్, ఇంజను మాత్రం అదే ఏడాది వేరే కారుది, అని కాగితం మీద రాసుకుని ఆ లెక్కన రేటు కట్టారు. బాగా తగ్గింది. బండి ఇప్పుడు ఒహాయోలో మావాడి ఇంట్లో ఉంది.

ప్యాడ్ మీద ఆ అబద్ధపు నంబరును అరగదీయించమంటావా అని అడిగాడు. వద్దన్నాను. అలాగే ఉంచి, పోత తేదీ ఫోటో, పెన్సిల్ ప్రింటు, బిల్డ్ షీట్ మూడూ ఒకే కవరులో పెట్టి, కారు ఎవరికి అమ్మినా ఆ కవరు కూడా ఇవ్వమన్నాను. ప్యాడ్ మీద పెయింటు వేయొద్దు, తుప్పు పట్టకుండా ఆర్నెల్లకోసారి ఒక చుక్క ఇంజనాయిల్ వేలితో రాయి, చాలు అన్నాను.